గేర్ బండి ఇంకా నేర్చుకోవాలా? పని చేసుకునేవాళ్ల లెక్క

డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకునేముందు ఇప్పుడు చాలామంది ఆగి ఆలోచిస్తున్న ప్రశ్న ఇది. షోరూముకు వెళ్తే దాదాపు ప్రతి మోడల్‌లోనూ ఆటోమేటిక్ కనిపిస్తోంది. ఎలక్ట్రిక్ కారుకు క్లచ్ పెడలే ఉండదు. ఆటోమేటిక్ అయితే వారంలో చేతికొస్తుంది, మాన్యువల్‌కు నెల పడుతుంది. అలాంటప్పుడు ఎడమకాలికి ఇంత శిక్షణ ఎందుకు అన్న అనుమానం సహజమే.

నా సలహా సూటిగా చెప్తాను. మీ సంపాదనలో డ్రైవింగ్‌కు ఏ కొంచెం భాగం ఉన్నా, రేపు ఉండే అవకాశం ఉన్నా, గేర్ బండి నేర్చుకోండి. సొంత ఆటోమేటిక్ కారు ఉండి, దాన్ని ఇంటికీ ఆఫీసుకూ మధ్య నడపడం తప్ప వేరే అవసరం లేకపోతే, మానేసినా మీకు పోయేదేమీ లేదు.

దీనికి కారణం ఒక్కటే. సొంత కారు కొనేటప్పుడు బండిని మనం ఎంచుకుంటాం. ఉద్యోగంలో బండిని ఓనరో కంపెనీయో ఎంచుకుంటుంది. తాళం చేతిలో పెట్టి "తియ్యండి" అంటారు. ఆ తాళం ఏ బండిదైనా తీయగలిగినవాడికి పని దొరుకుతుంది. "ఆటోమేటిక్ అయితేనే నడుపుతానండీ" అన్నవాడి పేరు జాబితాలో కిందకు జారుతుంది. ఇందులో నైపుణ్యం గురించిన గొప్పలేమీ లేవు. దొరికే పనులు ఎన్ని, వాటిలో మనం చేయగలిగినవి ఎన్ని అన్నదే లెక్క.

పనిలో ఎదురయ్యే బండ్లు ఏవి?

మార్కెట్లో ఏం అమ్ముడవుతోందన్నది ఒక సంగతి, పనిలో ఏం నడుస్తోందన్నది మరో సంగతి. ఇవాళ కొన్న కారు పదేళ్లకు పైగా రోడ్డు మీద ఉంటుంది. అందుకే షోరూములో మార్పు మొదలైన చాలా ఏళ్లకు గానీ డ్రైవర్ చేతిలోకి రాదు.

మన దగ్గర తక్కువ ధర కార్లలో ఆటోమేటిక్ అందుబాటులోకి వచ్చింది 2014లో, మారుతి సెలెరియోతో. అందులో పెట్టింది ఏఎంటీ. అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. కాకపోతే క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని మన బదులు యంత్రం చేస్తుంది. మాన్యువల్ కంటే యాభై వేల రూపాయలు అటూ ఇటూగా ఎక్కువ పెడితే దొరుకుతుంది కాబట్టి సొంత వాడకానికి జనం మొగ్గారు. సీవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్ అనే మిగతా ఆటోమేటిక్ రకాలకు ఇంకా ఎక్కువ పెట్టాలి. రోజూ కిరాయి లెక్క చూసుకునే ఓనర్ ఆ తేడా పెట్టడానికి వెనకాడతాడు.

అందుకే పని బండ్లలో మాన్యువలే ఎక్కువగా కనిపిస్తుంది. టాటా ఏస్, బొలెరో పికప్, దోస్త్ లాంటి సరుకు బండ్లు, స్కూలు వ్యాన్లు, ఊళ్లలో తిరిగే అంబులెన్సులు, డీజిల్ జీపులు, ట్రాక్టర్లు ఈ కోవలోకే వస్తాయి. క్యాబ్‌ల సంగతీ అంతే. ఖర్చు కలిసొస్తుందని ఓనర్లు సీఎన్జీ తీసుకుంటారు. సీఎన్జీ కారులో ఆటోమేటిక్ అన్నది మన దేశంలో 2024లో టాటా టియాగో, టిగోర్‌లతోనే మొదలైంది. అంతకుముందు కొన్న సీఎన్జీ కార్లు దాదాపు అన్నీ గేర్ బండ్లే, అవి ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

ట్రావెల్స్‌లో పనిచేసేవాళ్లు ఇన్నోవా ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. 2023లో మళ్లీ వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్, మాన్యువల్‌లో మాత్రమే వచ్చింది. ఇన్నోవా హైక్రాస్ ఆటోమేటిక్‌లో మాత్రమే ఉంది. ఒకే ట్రావెల్స్ ఆఫీసు ముందు రెండూ నిలబడి ఉంటాయి. "ఇన్నోవా డ్రైవర్ కావాలి" అన్న ప్రకటన చూసి వెళ్లినవాడికి రెండూ రావాలి.

గేర్ నేర్చుకోనక్కర్లేదనే ఎదుటి పక్షం వాదన కూడా బలమైనదే, దాన్ని తోసిపుచ్చకూడదు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రిక్ ఆటోలు, సరుకు బండ్లు పెరుగుతున్నాయి. కాబట్టి మాన్యువల్ అవసరం ఏటా కొంత తగ్గుతూనే ఉంటుంది. ఒక్కసారిగా పోదు, అలాగని నిలబడనూ నిలబడదు. ఇరవై రెండేళ్లవాడు పదిహేనేళ్ల తర్వాత కూడా ఇదే కూడు పెడుతుందనుకుంటే పొరపాటు. రాబోయే అయిదారేళ్లలో నాలుగు తలుపులు తెరుస్తుందనుకుంటే లెక్క సరైనదే.

లైసెన్సు: ఇక్కడ ఒక చిక్కు, విదేశాల్లో మరో చిక్కు

మన మోటారు వాహనాల చట్టం బైకులను గేరు ఉన్నవి, గేరు లేనివి అని విడగొట్టింది. కార్లకు ఆ గీత గీయలేదు. కారు లైసెన్సు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) ఒక్కటే. ఆటోమేటిక్‌లో టెస్టు పాసైనా అదే కార్డు, మాన్యువల్‌లో పాసైనా అదే కార్డు.

వినడానికి సౌకర్యంగానే ఉంటుంది. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఇదే ఇబ్బంది. ఆటోమేటిక్ మీద లైసెన్సు తెచ్చుకున్న ఉద్యోగిని కంపెనీ ఫీల్డుకు పంపుతుంది. కార్డు చూసి హెచ్‌ఆర్ సరే అంటుంది. తీరా పార్కింగ్‌లో ఉన్నది గేర్ బండి. చట్టం ప్రకారం అతను నడపొచ్చు, కాలికి మాత్రం రాదు. మొహమాటానికి తీసుకెళ్లి మెయిన్ రోడ్డు మీద బండి ఆఫ్ చేసుకుంటూ, వెనకవాళ్ల హారన్లకు కంగారుపడి ఎవరినో తగిలిస్తే కేసు అతని మీద పడుతుంది. కార్డు ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. "నాకు మాన్యువల్ అలవాటు లేదు, వారం టైమివ్వండి" అని ముందే చెప్పడం మంచిది. అలా చెప్పినందుకు ఉద్యోగం పోయిన సందర్భాలు అరుదు. చెప్పకుండా బండి గుద్దినవాళ్లది వేరే కథ.

డ్రైవర్ పనికే వెళ్లేవాళ్లకు ఇంకో రెండు సంగతులు. ట్రాన్స్‌పోర్ట్ బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. 7,500 కిలోల లోపు బరువున్న ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంటే క్యాబ్‌లు, చిన్న సరుకు బండ్లు మీ కారు లైసెన్సుతోనే నడపొచ్చు. అవి ఎక్కువగా గేర్ బండ్లే కాబట్టి, మాన్యువల్ వచ్చినవాడి లైసెన్సుకు ఈ తీర్పు విలువ పెంచినట్టే. లారీ, బస్సు వైపు వెళ్లాలంటే మాత్రం ఎల్‌ఎంవీ వచ్చి ఏడాది నిండాకే తర్వాతి మెట్టు.

విదేశాల్లో చాలాచోట్ల పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ మీరు ఏ బండిలో టెస్టు ఇచ్చారో కార్డు మీదే ఉంటుంది.

యూకేలో ఆటోమేటిక్ కారులో టెస్టు పాసైతే లైసెన్సు మీద 78 అన్న కోడ్ పడుతుంది. దాంతో మాన్యువల్ నడపడం చట్టవిరుద్ధం. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపొచ్చు. సింగపూర్‌లో క్లాస్ 3 అంటే రెండూ, క్లాస్ 3ఏ అంటే ఆటోమేటిక్ మాత్రమే. దుబాయ్‌లోనూ ఆటోమేటిక్ లైసెన్సుతో గేర్ బండి ముట్టుకోవడానికి వీల్లేదు. జర్మనీ 2021లో మధ్యేమార్గం పెట్టింది. మాన్యువల్‌లో కనీసం పది క్లాసులు తీసుకుని స్కూల్లో చిన్న పరీక్ష పాసైతే, అసలు టెస్టు ఆటోమేటిక్‌లో ఇచ్చినా రెండింటికీ అర్హత ఇస్తారు. అమెరికాలో మామూలు కారు లైసెన్సుకు ఈ తేడా లేదు, కార్లూ దాదాపు అన్నీ ఆటోమేటిక్కే. అమెరికా తప్ప మరో దేశం ఆలోచన లేనివాళ్లు ఆ కారణంతో మాన్యువల్ నేర్చుకోనక్కర్లేదు.

నాలుగు సందర్భాలు, నాలుగు జవాబులు

సలహా గాలిలో ఉండకూడదు కాబట్టి మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే సందర్భాలు తీసుకుందాం.

మొదటిది, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లాలనుకునే పాతికేళ్ల యువకుడు. ఊళ్లో ట్రాక్టర్ నడుపుతాడు. డ్రైవర్ వీసా దొరికితే కూలి పని కంటే నయమని ఆశ. ఇతనికి మాన్యువల్ తప్పనిసరి. ఇంటి డ్రైవర్‌గా వెళ్తే ఆటోమేటిక్కే ఎదురుకావచ్చు. కానీ డెలివరీ వ్యాను, పికప్, కంపెనీ బస్సు పనులకు మాన్యువల్ లైసెన్సు ఉన్నవాడికే దారి. అక్కడికి వెళ్లాక ఒకసారి ఆటోమేటిక్ తీసుకుని, మళ్లీ మాన్యువల్‌కు మారాలంటే ఫీజు, క్లాసులు, సెలవు అన్నీ రెండోసారి పెట్టాలి. అప్పు తీర్చాల్సిన మొదటి ఏడాదిలో ఆ ఖర్చు బరువవుతుంది. ట్రాక్టర్ వచ్చు కదా అని ధీమాగా ఉండకూడదు. ట్రాక్టర్ అలవాటుతో క్లచ్ ఒక్కసారిగా వదులుతారు, అద్దాలు చూడరు. కారులో ఈ రెండూ పోగొట్టుకోవడానికి కొన్ని రోజులు పెట్టాలి.

రెండోది, యూకేలో నర్సుగా చేరబోయే గుంటూరు అమ్మాయి. ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే ఉద్యోగాల్లో చాలావాటికి డ్రైవింగ్ అడుగుతారు. మన లైసెన్సుతో అక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, తర్వాత వాళ్ల లైసెన్సు తీసుకోవాలి. ఆమె ఇక్కడే మాన్యువల్ గట్టిగా నేర్చుకుని వెళ్తే అక్కడ రోడ్డు నియమాల మీద మాత్రమే దృష్టి పెట్టొచ్చు. పాత మాన్యువల్ కారు సాధారణంగా తక్కువకు వస్తుంది, కంపెనీ ఏ కారిచ్చినా భయం ఉండదు. అయితే షిఫ్టుల మధ్య టెస్టు త్వరగా పాసవ్వడమే ముఖ్యమై, క్లచ్‌తో ఇంకా తడబడుతుంటే, ఆటోమేటిక్‌లో టెస్టు ఇచ్చి ఉద్యోగం నిలబెట్టుకోవడమే తెలివి. 78 కోడ్ జీవితాంతం ఉండాల్సిందేమీ కాదు, తర్వాత మాన్యువల్ టెస్టు పాసైతే పోతుంది.

మూడోది, హైదరాబాద్‌లో సర్వీస్ ఇంజనీర్. ఆస్పత్రుల్లో మెషీన్లు బాగుచేసే పని. కంపెనీ కారు నలుగురి మధ్య తిరుగుతుంది. అతనికి బైకు బాగా వచ్చు, కారు రాదు. సూర్యాపేటలో మెషీన్ ఆగితే కారు వచ్చినవాడినే పంపుతారు. కస్టమర్ పేరు తెలిసేది, మేనేజర్ కంటికి కనిపించేది అతనే. ఇతను నెల రోజులు తెల్లవారుజామున గంట పెట్టి మాన్యువల్ నేర్చుకుంటే అది నేరుగా ప్రమోషన్‌కు పనికొచ్చే పెట్టుబడి.

నాలుగోది, యాభై దాటిన టీచరమ్మ. మోకాలి నొప్పి ఉంది. ఇంట్లో ఆటోమేటిక్ కొన్నారు. బడికి వెళ్లి రావడానికి నేర్చుకుందామనుకుంటున్నారు. ఆవిడను "అసలు డ్రైవింగంటే గేర్ బండే" అని బలవంతపెట్టడం అన్యాయం. క్లచ్ మీద శ్రమ పెట్టే బదులు అద్దాలు చూడడం, రివర్స్ పార్కింగ్, రాత్రి డ్రైవింగ్ మీద ఆ సమయం పెడితే ఆవిడకూ రోడ్డుకూ మంచిది. ఎడమకాలికి ఇబ్బంది ఉన్న ఎవరికైనా ఇదే జవాబు.

నేర్చుకునేటప్పుడు ఎక్కడ తేడా వస్తుంది?

స్కూలు కోర్సు పూర్తయి, లైసెన్సు కూడా వచ్చాక సొంతంగా బండి తీయలేనివాళ్లు చాలామంది కనిపిస్తారు. తెలివితక్కువై కాదు. కారణం ట్రైనర్ కాలు.

స్కూలు కారులో ట్రైనర్ వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. భద్రత కోసం అవి ఉండాల్సిందే. కానీ బండి ఆఫ్ అయితే ట్రాఫిక్‌లో ఆలస్యమవుతుందని, తర్వాతి స్టూడెంట్ ఎదురుచూస్తున్నాడని, చాలామంది ట్రైనర్లు క్లచ్ తామే చూసుకుంటారు. స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది, బండి సాఫీగా పోతుంటుంది, వచ్చేసిందనుకుంటారు. పద్దెనిమిదో రోజున కూడా బండి ఒక్కసారీ ఆఫ్ కాలేదంటే సంతోషించకండి, అనుమానించండి. మూడో రోజు నుంచే "సార్, క్లచ్ మీద మీ కాలు తీసేయండి, ఆఫ్ అయితే నేనే స్టార్ట్ చేసుకుంటా" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. డబ్బు కట్టింది మీరు.

రెండో సంగతి, యాక్సిలరేటర్ జోలికి వెళ్లకముందే హాఫ్ క్లచ్ కాలికి తెలియాలి. ఖాళీ స్థలంలో, చదునైన నేల మీద బండి పెట్టండి. ఎడమ మడమ నేలకు ఆనించి క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వేయండి. కుడికాలు దూరంగా పెట్టి, క్లచ్‌ను వేలెడంత చొప్పున వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం కొద్దిగా దిగుతుంది, బానెట్ రవ్వంత లేచినట్టవుతుంది, సీటు కింద సన్నగా వణుకు తెలుస్తుంది. కాలు అక్కడే ఆపండి. బండి దానంతటదే మెల్లగా కదులుతుంది. కదిలాక కూడా రెండు క్షణాలు కాలు అలాగే ఉంచి, ఆ తర్వాత పూర్తిగా వదలండి. కొత్తవాళ్ల బండి ఆఫ్ అయ్యేది ఎక్కువగా ఈ రెండు క్షణాల్లోనే. కదిలిందన్న సంతోషంతో కాలు ఎత్తేస్తారు. ఈ ఒక్క పని అరగంట చొప్పున మూడు రోజులు చేస్తే మిగతా కోర్సు సగానికి సగం తేలికవుతుంది.

మూడోది ఎత్తు. మన టెస్టులో హెచ్, ఎయిట్ ఆకారపు ట్రాకుల మీద అందరూ ప్రాక్టీసు చేస్తారు, ఎత్తును తేలిగ్గా తీసుకుంటారు. నిటారు ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ తీయగలగాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో పరీక్ష అంశంగానే ఉంది. ఉద్యోగంలో అసలు పరీక్ష అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గర జరుగుతుంది. ర్యాంపు సగంలో ఉండగా పైన వాచ్‌మన్ చెయ్యి చూపించి ఆపుతాడు. వెనక ఇంకో కారు వచ్చి ఆనుకుని నిలబడుతుంది. అక్కడ కంగారులో క్లచ్ వదిలితే బండి ఆఫ్ అవుతుంది, బ్రేకు వదిలితే వెనక్కి జారుతుంది.

పద్ధతి ఇది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. ఫస్ట్ గేర్ వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్‌ను హాఫ్ దాకా తీసుకురండి. బండి ముందుకు లాగుతున్నట్టు, వెనక భాగం కిందకు కూర్చున్నట్టు అనిపించాకే హ్యాండ్ బ్రేకు వదలండి. సీఎన్జీ మీద పికప్ కాస్త తక్కువ కాబట్టి యాక్సిలరేటర్ ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఇది వరసగా పదిసార్లు, ఒక్క జానెడు కూడా జారకుండా చేయగలిగితే మీకు గేర్ బండి వచ్చినట్టే. అంతవరకు రాలేదనే లెక్క.

ఓనర్ ట్రయల్‌లో ఏం చూస్తాడు?

డ్రైవర్ ఉద్యోగానికైనా, తాత్కాలిక (యాక్టింగ్) డ్యూటీకైనా ముందు ట్రయల్ ఉంటుంది. అయిదు నిమిషాల్లో నిర్ణయం అయిపోతుంది. స్పీడుగా నడిపి మెప్పిద్దామనుకునేవాడు ఓడిపోతాడు. అనుభవమున్న ఓనర్ చూసేవి వేరు.

ఎక్కగానే సీటు, అద్దాలు సరిచేసుకున్నాడా? స్టార్ట్ చేసేముందు గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చెయ్యి పెట్టి చూసి, క్లచ్ తొక్కాడా? గేర్ మార్చాక ఎడమకాలు క్లచ్ మీంచి తీసి పక్కన పెట్టాడా? ఈ చివరిది చాలా ముఖ్యం. క్లచ్ మీద కాలు ఆనించి నడిపేవాడి చేతిలో ప్లేటు, బేరింగు తొందరగా అరుగుతాయి. ఆ రిపేరుకు గేర్‌బాక్స్ దించాలి కాబట్టి సామాను ఖర్చు, కూలీ, బండి ఆగిన రోజుల నష్టం మూడూ ఓనర్ మీద పడతాయి. సిగ్నల్ దగ్గర ఎత్తు మీద బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టడం కూడా ఇలాంటి తప్పే. పైకి నైపుణ్యంలా కనిపిస్తుంది. లోపల ప్లేటు వేడెక్కి కాలుతుంటుంది, ఆ వాసన వెనక సీటు దాకా వస్తుంది.

స్పీడు బ్రేకర్ దగ్గర సెకండ్‌కు దించాడా, థర్డ్‌లోనే ఈడ్చాడా, రివర్స్ వేసేముందు బండి పూర్తిగా ఆగిందా అన్నవీ చూస్తారు. ఇవన్నీ అలవాట్లు. ట్రయల్ రోజున తెచ్చిపెట్టుకుంటే రావు, నేర్చుకునే నెలలోనే పట్టుబడాలి.

గేర్ వచ్చినవాళ్లు ఆటోమేటిక్‌లో చేసే తప్పులు

మాన్యువల్ వస్తే ఆటోమేటిక్ దానంతటదే వచ్చేసినట్టేనన్న ధీమా ప్రమాదాలు తెస్తుంది. ఫంక్షన్ హాళ్లలో, హోటళ్లలో వ్యాలే పార్కింగ్ చేసేవాళ్లు, షోరూములో, సర్వీస్ సెంటర్లో బండ్లు జరిపేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. వాళ్లకు గంటకో కొత్త బండి చేతికొస్తుంది.

ఎడమకాలిని వెనక్కి మడిచి పెట్టుకోండి. అలవాటు కొద్దీ క్లచ్ అనుకుని ఎడమకాలితో తొక్కితే తగిలేది వెడల్పాటి బ్రేకు పెడల్. బండి ఠక్కున ఆగుతుంది, వెనకవాడు గుద్దుతాడు. రెండు పెడళ్లకూ కుడికాలు ఒక్కటే వాడాలి.

చాలా ఆటోమేటిక్‌లు డీ (డ్రైవ్)లో పెట్టి బ్రేకు వదిలితే చాలు, యాక్సిలరేటర్ తొక్కకపోయినా ముందుకు పాకుతాయి. ఇరుకు పార్కింగ్‌లో బ్రేకు మీద కాలు పెట్టి ఆ పాకుడుతోనే సర్దుకోవాలి. అక్కడ యాక్సిలరేటర్ జోలికి వెళ్లొద్దు. గోడలు, స్తంభాలు గుద్దేది ఎక్కువగా బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కినప్పుడే.

ఏఎంటీలతో ఇంకో జాగ్రత్త. మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీ బండ్లలో పీ (పార్కింగ్) అన్న స్థానం ఉండదు. న్యూట్రల్‌లో వదిలి, హ్యాండ్ బ్రేకు సరిగ్గా లాగకుండా దిగిపోతే బండి జారిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగి, గేర్‌లో ఉంచి ఇంజన్ ఆపాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టినా ఏఎంటీలో క్లచ్ కాలుతుంది, ఎందుకంటే లోపలున్నది మామూలు క్లచ్చే. క్లచ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు ఏఎంటీని కూడా జాగ్రత్తగా వాడతాడు. మాన్యువల్ నేర్చుకున్నందుకు వచ్చే లాభాల్లో ఇదొకటి.

ఘాట్ దిగేటప్పుడు కూడా అంతే. తిరుమలలో దిగడానికి వాడేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. శ్రీశైలం, పాడేరు, మారేడుమిల్లి దారులూ తక్కువేమీ కాదు. దిగేటప్పుడు పైగేర్‌లో వదిలి బ్రేకు మీదే బతికితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఎక్కడానికి ఏ గేర్ పడుతుందో దిగడానికీ దాదాపు అదే గేర్‌లో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గరకు మిగులుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజన్ ఆపేయడం ప్రాణం మీదకు తెచ్చే పనులు. ఇంజన్ ఆగితే బ్రేకుకూ స్టీరింగ్‌కూ వచ్చే సాయం పోతుంది. ఆటోమేటిక్‌లో అయితే డీలో వదిలేయకుండా మాన్యువల్ మోడ్ ఎమ్ లేదా లో గేర్ ఎల్‌లో పెట్టుకుని దిగాలి. గేర్ల సంగతి తెలియనివాళ్లు ఆ అక్షరాలను ఏళ్ల తరబడి ముట్టుకోరు.

ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి?

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. పర్మనెంట్ టెస్టుకు 30 రోజులు ఆగాలి. ఆ నెలనే కోర్సుగా వాడుకోండి. మొదటి వారం హాఫ్ క్లచ్, ఫస్ట్, సెకండ్ గేర్లు, రివర్స్. రెండో వారం కాలనీ రోడ్లు, మలుపుల దగ్గర గేర్ దించడం. మూడో వారం ఎత్తు, ర్యాంపు, మెయిన్ రోడ్డు ట్రాఫిక్. నాలుగో వారం హైవే, రాత్రి డ్రైవింగ్, పార్కింగ్. స్కూలు బండి చాలకపోతే లైసెన్సున్న అనుభవజ్ఞుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎల్ బోర్డుతో సాధన చేయండి. చేరేముందు రోజుకు ఎన్ని నిమిషాలు, కారులో ఎంతమంది స్టూడెంట్లు, ఎత్తు మీద నేర్పుతారా అని అడిగి తెలుసుకోండి. ఫీజు వెయ్యి తక్కువని నలుగురిని ఒకే కారులో ఎక్కించే చోట చేరితే మీ చేతికి స్టీరింగ్ దొరికేది పావుగంటే.

లైసెన్సు వచ్చాక ఆరు నెలలు గేర్ బండి ముట్టుకోకపోతే కాలు మర్చిపోతుంది. నెలకొకసారైనా స్నేహితుడిదో కంపెనీదో తీసి ఎత్తు మీద పదిసార్లు ఆపి తీయండి. రెజ్యూమెలో "డ్రైవింగ్ వచ్చు" అని ఊరుకోకుండా మాన్యువల్, ఆటోమేటిక్ రెండూ అని రాయండి. రాశాక రేపు పొద్దున్నే ట్రయల్‌కు పిలిచినా వెళ్లగలిగేలా ఉండండి.

గేర్ మీద పెట్టే ఖర్చు ఇక్కడితో ఆపాలి కూడా. డ్రైవింగ్ మీద బతికేవాళ్లు గేర్ వచ్చిందని ఆగిపోకుండా, వచ్చిన ఆదాయంలోంచి తర్వాతి మెట్టుకు పెట్టాలి. హెవీ లైసెన్సు, ఎలక్ట్రిక్ బండ్లలో చార్జింగ్ లెక్క, బ్యాటరీ మిగిలిన దూరాన్ని బట్టి ట్రిప్పు ప్లాన్ చేసుకోవడం, కస్టమర్‌తో నాలుగు ముక్కలు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడడం, ఇవన్నీ మాన్యువల్ విలువ తగ్గే రోజుల్లో మిమ్మల్ని నిలబెట్టేవి. ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావరకు ఆర్టీసీ తరఫున ప్రైవేటు సంస్థలే నడుపుతున్నాయి, డ్రైవర్లను కూడా వాళ్లే పెట్టుకుంటున్నారు. అక్కడ చేరేవాళ్లు జీతం, పీఎఫ్, డ్యూటీ గంటలు కాగితం మీద చూసుకుని చేరాలి.

చివరిగా, వాయిదా వేయొద్దు. గేర్ బండి విలువ ఏడాదికేడాది తగ్గేదే. ఇప్పుడు నేర్చుకున్నవాడికి దాన్ని వాడుకోవడానికి ఎక్కువ ఏళ్లు దొరుకుతాయి, మూడేళ్ల తర్వాత అదే ఫీజు, అదే శ్రమ పెట్టినవాడికి తక్కువ ఏళ్లు మిగులుతాయి. మీ పనికి ఇది కావాలని లెక్క తేలితే ఈ నెలలోనే లెర్నర్ లైసెన్సుకు అప్లై చేయండి. అక్కర్లేదని తేలితే ఆ ఆలోచన పూర్తిగా మానేసి, ఆ డబ్బూ సమయమూ ఇంకో పని నేర్చుకోవడానికి పెట్టండి. రెండూ సరైన నిర్ణయాలే. "చూద్దాంలే" అంటూ ఏళ్లు గడిపినవాడికి మాత్రం ఈ రెండింటిలో ఏ లాభమూ దక్కదు.